తిట్టుకోకుండా టెన్నిస్ ఆడటం ఎలా నేర్చుకున్నానంటే (నా అనుభవం)

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నది రొయ్యల మేత వ్యాపారం, అమ్మ స్కూల్ టీచరు. ఐదో తరగతి అయిపోయిన వేసవి సెలవుల్లో మొదటిసారి రాకెట్ పట్టుకున్నాను. ఆ తర్వాత అండర్-14 నుంచి అండర్-18 దాకా ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) టోర్నమెంట్లు, డిగ్రీలో ఉండగా యూనివర్సిటీ టీమ్‌కి ఆడాను, ఇప్పుడు చదువుకుంటూనే పొద్దున్నపూట మా టౌన్ క్లబ్బులో కొంతమంది పిల్లలకి ఆట నేర్పుతున్నాను. వాళ్ల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ప్రాక్టీసులో మా అమ్మాయి బ్రహ్మాండంగా కొడుతుందండీ, మ్యాచ్‌లో ఒక్క బంతి పోయిందంటే చాలు, ఇక తనని తనే తిట్టుకుంటూ మొత్తం పాడుచేసుకుంటుంది, ఏం చెయ్యాలి?" గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదిది. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, పిల్లలకి కూడా చదివి వినిపించండి.

మా క్లబ్బులో ఉన్నవి మట్టి కోర్టులు. తెల్లవారకముందే నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేస్తారు. ఏడున్నర దాటితే లాయర్లు, డాక్టర్లు, చెరువులున్న పెద్దవాళ్లు డబుల్స్ ఆడటానికి వచ్చేస్తారు, ఈలోపే మా ప్రాక్టీసు అయిపోవాలి. నాకు ఆట నేర్పిన మాస్టారు అదే క్లబ్బులో చాలా ఏళ్లు మార్కర్‌గా, అంటే సభ్యులతో ఆడే, ఆట నేర్పే ఉద్యోగిగా, పనిచేసిన మనిషి. వానాకాలంలో కోర్టు బురదైపోయి రోజుల తరబడి ఆట ఉండదు, మే నెలలో ఉక్కపోతకి గ్రిప్ చేతిలోంచి జారిపోతూ ఉంటుంది. ఇవన్నీ మన గోదావరి జిల్లాల్లో ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు.

మట్టి కోర్టులో బంతి పడిన చోట గుర్తు పడుతుంది. నా కథంతా ఆ గుర్తు దగ్గరే ఉంది. నేను కొట్టిన బంతి అవుట్ అయితే అవతలి అమ్మాయి అవుట్ అని వేలు ఎత్తేది, నేను ఊరుకునేదాన్ని కాదు. నమ్మకం లేక కాదు, ఎంత అవుటో చూడాలి నాకు. నెట్ దాటి వెళ్లి, వంగి, సున్నం గీతకీ గుర్తుకీ మధ్య ఎంత దూరముందో చూసేదాన్ని. రెండు వేళ్ల మందం, ఒక్కోసారి ఒక వేలి మందం. అడుగు దూరం అవుట్ అయిందంటే ఏదో అయిందిలే అనుకోవచ్చు, ఒక వేలి మందం అయితే మాత్రం లోపల ఏదో తెగిపోయినట్టయ్యేది. "ఆ వేలి మందం కూడా చేతకాలేదా నీకు" అని మొదలయ్యేది. బూటుతో ఆ గుర్తు చెరిపేసి వెనక్కి వచ్చేసరికి నా సర్వీసు వచ్చేది, నేను ఇంకా అక్కడే ఉండేదాన్ని.

దీన్ని ఎవరూ జబ్బనుకోలేదు, నేను కూడా. అందరూ మెచ్చుకునేవాళ్లు. "పట్టుదల గల పిల్లండీ, ఓడితే అన్నం కూడా తినదు" అని నాన్న గొప్పగా చెప్పేవారు. చదువులో కూడా మన దగ్గర అంతే కదా, నూటికి తొంభై ఎనిమిది వస్తే ఆ రెండూ ఎక్కడ పోయాయని అడుగుతారు. అలా పెరిగిన పిల్లకి, తిట్టుకోవడమే కష్టపడటం అనిపిస్తుంది. తిట్టుకోకపోతే తప్పుని వదిలేసినట్టు, బాధ్యత లేనట్టు అనిపిస్తుంది. ఈ నమ్మకం ఎంత లోతుగా దిగిందంటే, తర్వాత నేను మార్చుకున్న అలవాట్లన్నిటికంటే దీన్ని కదిలించడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఒంట్లో ఏం జరిగేదో చెప్తాను, ఎందుకంటే ఇదంతా మనసుకి సంబంధించిందే అనుకుంటారు చాలామంది. తిట్టుకున్న మరుక్షణం గ్రిప్ మీద వేళ్లు బిగుసుకునేవి. ముంజేయి బిగిస్తే మణికట్టు ఆడదు, మణికట్టు ఆడకపోతే రాకెట్ తల నెమ్మదిస్తుంది, బంతి పొట్టిగా పడుతుంది లేదా నెట్‌లో పడుతుంది. సెకండ్ సర్వ్ దగ్గర, అంటే మొదటి సర్వ్ తప్పాక దొరికే రెండో అవకాశం దగ్గర, ఇది మరీ దారుణం. సెకండ్ సర్వ్ లోపల పడేది స్పిన్ వల్ల, స్పిన్ వచ్చేది రాకెట్ వేగం వల్ల. భయపడి చెయ్యి నెమ్మదిగా తిప్పామా, స్పిన్ ఉండదు, బంతి కిందికి వంగదు. అంటే జాగ్రత్త పడినకొద్దీ డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) పెరుగుతాయి. టాస్, అంటే సర్వ్ కోసం పైకి విసిరే బంతి, కూడా తక్కువ ఎత్తుకి పోయేది. ఇంకా గట్టిగా తిట్టుకునేదాన్ని.

అండర్-18కి వచ్చేసరికి మ్యాచ్ ముందురోజు రాత్రి కడుపునొప్పి మొదలయ్యేది. గెలిచినా సంతోషం ఉండేది కాదు, ఎన్ని తప్పులతో గెలిచానో లెక్కేసుకునేదాన్ని. ఒకసారి విజయవాడలో టోర్నమెంట్‌లో నాకంటే చిన్న అమ్మాయి మీద మొదటి సెట్ సులువుగా గెలిచి, రెండో సెట్‌లో ఒక తేలికైన వాలీ (బంతి నేల తాకకముందే కొట్టే షాట్) నెట్‌లో కొట్టాను. అంతే, అక్కడి నుంచి ఏం ఆడానో నాకే గుర్తులేదు. మూడో సెట్ అయ్యాక షేక్‌హ్యాండ్ ఇచ్చి, బ్యాగు సర్దుకుని కారెక్కి, ఇక నేను ఆడను నాన్నా అన్నాను. ఇంటికొచ్చాక రాకెట్లు బీరువా మీద పెట్టేశాను, చాలా రోజులు తియ్యలేదు.

మా పిన్ని నర్సు. ఆవిడే సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్దామంది. ఇంట్లో పెద్ద గొడవ. నానమ్మ "పెళ్లి కావాల్సిన పిల్లని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా" అని ఏడుపు. నాన్నకి కూడా ఇష్టం లేదు, కాకపోతే నేను అన్నం సరిగ్గా తినట్లేదని అమ్మ పట్టుబట్టింది. చివరికి రాజమండ్రిలో ఒక మేడమ్ దగ్గరికి అమ్మా నేనూ రైల్లో వెళ్లాం. ఆవిడకి టెన్నిస్ గురించి పెద్దగా తెలియదు, ఆ మాట ముందే చెప్పేశారు. అదే మంచిదైంది. నేను "బ్యాక్‌హ్యాండ్ సరిగ్గా రావట్లేదు" అంటే దాన్నే పట్టుకుని సలహాలివ్వకుండా, "అలా జరిగినప్పుడు నీతో నువ్వేమంటావమ్మా?" అని అడిగారు. ఏమీ అననండీ అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

నా మ్యాచ్ వీడియోలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. మా బాబాయి కొడుకు ఫెన్సింగ్‌కి ఫోన్ కట్టి తీస్తూ ఉండేవాడు, మాస్టారికి చూపించి కాళ్ల కదలిక సరిచేసుకోవడానికి. మేడమ్ ఆ ఫోన్ తీసుకుని, బల్ల మీద బోర్లా పెట్టి, బొమ్మ కనపడకుండా చప్పుడు మాత్రమే వినమన్నారు. నేను ఉన్నది ఫోన్ ఉన్న వైపే, అందుకని మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. బంతి చప్పుడు, బూట్ల చప్పుడు, ఆ వెంటనే నా గొంతు. "దద్దమ్మా." మళ్లీ బంతి. "కదలవే. దున్నపోతులా నిలబడ్డావ్." మళ్లీ బంతి. "ఎందుకే నీకు ఆట, నాన్న డబ్బులు తగలెయ్యడానికా." అంతవరకూ కొంచెం సిగ్గుపడుతూ విన్నాను. ఆ తర్వాత అవతలి అమ్మాయి "బాగా ఆడావ్" అన్న మాట వినిపించింది, అంటే ఆ పాయింట్ నేను గెలిచాను. దాని వెనకే నా గొంతు, "అదృష్టం బాగుంది, గీత మీదకి పోవాల్సింది."

మేడమ్ అక్కడ ఆపేశారు. గెలిచిన పాయింట్‌కి కూడా తిట్టు తప్పలేదు. నేను అప్పటిదాకా అనుకున్నది, తప్పు చేశాను కాబట్టి తిట్టుకుంటున్నానని. తప్పు లేకపోయినా అది నడుస్తూనే ఉంది.

నా భయం ఆవిడతో చెప్పాను. తిట్టుకోవడం మానేస్తే మెత్తబడిపోతాను, ఎలా ఆడినా ఫర్వాలేదనుకునే మనిషినైపోతాను. ఆవిడ దానికి ధైర్యం చెప్పలేదు, వాదించలేదు. ఏ తప్పూ జరగకూడదనే ఈ పట్టుదలని, అంటే పర్‌ఫెక్షనిజాన్ని, పరిశోధకులు రెండుగా విడదీసి చూస్తారని చెప్పారు. ఒకటి, గొప్పగా ఆడాలని పెద్ద లక్ష్యం పెట్టుకోవడం. రెండోది, తప్పు జరిగితే నేనేమైపోతానో, అందరూ ఏమనుకుంటారో అనే దిగులు. ఆట మీద విరక్తి పుట్టించేది ఎక్కువగా రెండోదేనట. 1996లో డేనియల్ గౌల్డ్, ఆయన బృందం అమెరికాలో జూనియర్ టెన్నిస్ ఆటగాళ్ల మీద చేసిన పరిశోధన గురించి కూడా చెప్పారు, ఆటంటే విసిగిపోయిన పిల్లల్లో, తల్లిదండ్రులు తమ తప్పులెంచుతారని, తమ మీద మరీ ఆశలు పెట్టుకున్నారని అనిపించడం ఎక్కువగా కనిపించిందట. అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. అప్పుడేం మాట్లాడలేదు గానీ, ఆ మాట తర్వాత మా ఇంట్లో చాలా పని చేసింది.

తర్వాత ఆవిడ అన్నారు, "తిట్టుకుంటే ఆట బాగుపడుతుందని నీ నమ్మకం కదా, మరి కొలిచి చూద్దామా?" ఇది నాకు బాగా నచ్చింది. ఎవరైనా నన్ను "పాజిటివ్‌గా ఉండు" అని ఉంటే అక్కడే లేచి వచ్చేసేదాన్ని. ప్రాక్టీసు సెట్లు ఒకరోజు మామూలుగా, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఆడాలి, ఒకరోజు నోరు, మనసు రెండూ మూసుకుని ఆడాలి. మా బాబాయి కొడుకు గట్టు మీద కూర్చుని నోట్‌బుక్‌లో ప్రతి పాయింట్‌కీ గుర్తు పెట్టాలి, గెలిస్తే గీత, ఓడితే చుక్క, నా అంతట నేను పోగొట్టుకున్న పాయింట్ అయితే చుక్క చుట్టూ సున్నా.

రెండు రకాల రోజుల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట నిరాశే కలిగింది. సున్నాలు రెండింట్లోనూ ఇంచుమించు అన్నే ఉన్నాయి. తిట్టుకోకపోయినా తప్పులు తగ్గలేదు. తిట్టుకున్నా తగ్గలేదు, అది వేరే సంగతి. చాలాసేపు చూశాక మాస్టారు వేలు పెట్టి చూపించారు. "అమ్మాయ్, ఇటు చూడు. ఈ కాగితంలో సున్నాలన్నీ గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఇందులో విడివిడిగా ఉన్నాయి." నిజమే. తిట్టుకున్న రోజు ఒక తప్పు పడితే వెనకే మూడు నాలుగు వరసగా ఉన్నాయి, అంటే ఒక గేమ్ పూర్తిగా పోయింది. నోరు మూసుకున్న రోజు తప్పు పడింది, తర్వాత గీత, మళ్లీ గీత, ఎక్కడో ఇంకో తప్పు. టెన్నిస్‌లో నాలుగు పాయింట్లకి గేమ్. తప్పులు విడివిడిగా పడితే గేమ్ నిలబడుతుంది, గుంపుగా పడితే పోతుంది. అన్నే తప్పులతో ఒకరోజు సెట్ గెలిచాను, ఒకరోజు ఓడాను. నా నమ్మకం కదిలింది ఆ కాగితాల వల్లే, ఎవరి మాటల వల్లా కాదు.

రోజర్ ఫెదరర్ 2024 జూన్‌లో అమెరికాలో ఒక కాలేజీలో చెప్పిన లెక్క ఈమధ్య అందరూ పంచుకుంటున్నారు. ఆయన ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచారు, కానీ గెలిచిన పాయింట్లు 54 శాతమే. నా పిల్లలకి నేను దీనితో పాటు 2019 వింబుల్డన్ ఫైనల్ కూడా చెప్తాను. ఆ మ్యాచ్‌లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచారు, జొకోవిచ్ 204 గెలిచారు, కప్పు మాత్రం జొకోవిచ్ తీసుకెళ్లారు. ప్రతి పాయింట్‌కీ మార్కులు వేసుకుంటూ కూర్చునే ఆట కాదిది. అయితే ఈ లెక్కలు వినగానే ఎవరూ మారిపోరు, నేనైతే మారలేదు. మన సొంత మ్యాచ్ కాగితం మీద చూసుకున్నాకే నమ్మకం కలుగుతుంది. మీ పిల్లల మ్యాచ్‌కి వెళ్తే ఊరికే చూస్తూ కూర్చోకుండా ఆ చుక్కలూ గీతలూ పెట్టి చూడండి.

ఇక అసలు పని మొదలైంది. నిబంధనల ప్రకారం పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య 25 సెకన్ల దాకా సమయం ఉంటుంది, కోర్టు వైపులు మారేటప్పుడు 90 సెకన్లు. నిజానికి మ్యాచ్‌లో బంతి ఆడుతున్న సమయం కంటే ఈ ఖాళీ సమయమే ఎక్కువ. నా తిట్లన్నీ ఆ ఖాళీలోనే జరిగేవి. దాన్ని ఖాళీగా వదిలితే తిట్లు వచ్చి కూర్చుంటాయి కాబట్టి అందులో పని పెట్టుకోవాలి. జిమ్ లోహర్ అనే అమెరికన్ స్పోర్ట్స్ సైకాలజిస్ట్ పాయింట్ల మధ్య పెద్ద ఆటగాళ్లు ఏం చేస్తారో గమనించి, దాన్ని నాలుగు దశలుగా నేర్పేవాడని మేడమ్ ఎక్కడో చదివి తెచ్చారు. నేను నాకు కుదిరినట్టు మార్చుకున్నాను.

పాయింట్ అవ్వగానే నెట్‌కి వీపు తిప్పుతాను. అవతలివైపుకి వెళ్లి గుర్తు చూడటం పూర్తిగా మానేశాను, అవుట్ అంటే అవుట్. రాకెట్ ఎడమ చేతిలోకి మార్చుకుంటాను, కుడి చేతి వేళ్లు విదిలించుకుంటాను, అప్పుడే అవి ఎంత బిగుసుకున్నాయో తెలుస్తుంది. వెనక ఫెన్సింగ్ వైపు నడుస్తూ ఊపిరి పూర్తిగా బయటికి వదులుతాను. తర్వాత ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. ఇక్కడే నాకు కష్టమంతా. "బంతి ఆలస్యంగా తగిలింది." అంతవరకే. "బంతి ఆలస్యంగా తగిలింది, నీ మొహానికి కాళ్లు కదిలితే కదా" అని రెండో ముక్క దానంతట అదే వచ్చేసేది. కొన్ని నెలల పాటు ఆ రెండో ముక్క దగ్గర ఆపుకోవడమే నా సాధన. బంతి గురించి, కాళ్ల గురించి, రాకెట్ గురించి మాట్లాడొచ్చు, నా గురించి మాట్లాడకూడదు. ఆ తర్వాత స్ట్రింగ్స్ వైపు చూస్తూ తర్వాతి సర్వ్ ఎటు వేయాలో తేల్చుకుంటాను, గీత దగ్గరికి వస్తాను, బంతి నేలకేసి కొట్టుకుంటాను, మొదలు.

తిట్టు అసలు రాకూడదని మాత్రం పెట్టుకోలేదు. మొదట్లో అలా పెట్టుకుంటే, తిట్టు వచ్చినందుకు మళ్లీ తిట్టుకునేదాన్ని. "ఇంత నేర్చుకున్నా మళ్లీ తిట్టుకుంటున్నావా" అని. దొంగ దారి మార్చి మళ్లీ ఇంట్లోకే వచ్చినట్టు. ఇప్పుడు వస్తే రానిస్తాను, వచ్చాక ఆ ఒక్క వాక్యం చెప్పుకుని ముందుకెళ్తాను. మణికట్టుకి రబ్బరు బ్యాండు పెట్టుకుని చెడ్డ ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి కొట్టుకోమని ఒక సీనియర్ చెప్పింది, కొన్నాళ్లు చేశాను. ఎవరైనా చెప్తే వద్దనండి. అది ఇంకో శిక్ష, అంతే. పిల్లలకి అసలే వద్దు.

మాస్టారు చేసిన మార్పు ఇంకా పెద్దది, ఆయన దాన్ని సైకాలజీ అనుకోలేదు. నేను ఎప్పుడూ మూల మీదకే కొట్టేదాన్ని, ప్రాక్టీసులో ఖాళీ బంతి డబ్బా ఒకటి సరిగ్గా మూలలో, గీత మీద పెట్టుకునేదాన్ని. ఒకరోజు ఆయన వచ్చి ఆ డబ్బాని కాలితో మూడు అడుగులు లోపలికి నెట్టి, పక్కగీత నుంచి కూడా అంతే దూరం జరిపి, ఇక నుంచి ఇదే అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. "అక్కడ కొడితే ఎవరైనా తీసేస్తారు మాస్టారూ" అన్నాను. "తియ్యనియ్. మళ్లీ అక్కడే కొట్టు." సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, పొడవు 78. నెట్ మధ్యలో 3 అడుగుల ఎత్తు, స్తంభాల దగ్గర మూడున్నర. క్రాస్ కొడితే మూల నుంచి మూలకి దాదాపు 82 అడుగుల చోటు దొరుకుతుంది, బంతి నెట్ తక్కువ ఎత్తున్న చోటి మీదుగా పోతుంది. కోర్టే మనకి చోటిస్తుంటే, నేను ఆ వేలి మందం కోసం కొట్టుకుంటున్నాను. మూడు అడుగులు లోపలికి గురిపెడితే చెయ్యి కొంచెం తప్పినా బంతి లోపలే ఉంటుంది, కొన్నిసార్లు దానంతట అదే గీత మీద పడుతుంది. మనం మనుషులం, చెయ్యి తప్పుతుందని ముందే లెక్కలో వేసుకుని గురిపెట్టడం అన్నమాట. దీన్ని రాజీపడటం అనుకున్నాను చాలా కాలం. ఇప్పుడు ఇదే మంచి ఆట అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను.

సెకండ్ సర్వ్‌కి ఆయన పెట్టిన రూల్ ఇంకా వింతగా ఉండేది. బుట్టెడు బంతులు ఇచ్చి, లోపల పడిందా బయట పడిందా చూడనే వద్దు, చెయ్యి పూర్తి వేగంతో తిరిగిందా లేదా అదొక్కటే చెప్పు అనేవారు. బంతి బయటపడినా చెయ్యి పూర్తిగా తిరిగితే "ఊఁ" అనేవారు, మెల్లగా తోసి లోపల వేస్తే "మళ్లీ" అనేవారు. ఫలితానికి బదులు పద్ధతికి మార్కులు. ఒక వేసవి అంతా ఇదే. డబుల్ ఫాల్ట్‌లు పోలేదు గానీ తోసిన సర్వ్‌లు దాదాపు పోయాయి.

తప్పుల్ని పట్టించుకోకూడదని నేను అనను. పోటీల్లో ఆడాలంటే పట్టించుకోవాలి. ఎప్పుడు పట్టించుకోవాలన్నదే నేను మార్చుకున్నది. మ్యాచ్ అయిన రాత్రి నోట్‌బుక్ ముట్టుకోను. మర్నాడు పొద్దున్న కూర్చుని, ఏ షాట్ ఎన్నిసార్లు పోయింది, ఏ పరిస్థితిలో పోయింది అని నిర్దాక్షిణ్యంగా రాస్తాను, అందులో దాచుకునేదేమీ లేదు. బాగా కొట్టినవి కూడా రాయాలని మేడమ్ షరతు పెట్టారు. మొదట్లో అవి రాయడానికి చేతులొచ్చేవి కావు, పొగరులా అనిపించేది. "ఫోర్‌హ్యాండ్ క్రాస్ లోతుగా పడుతోంది, దాన్ని నమ్ముకోవచ్చు" అని రాయడం పొగరెందుకవుతుంది? తర్వాతి మ్యాచ్‌కి ఏది ఆసరాగా పట్టుకోవాలో తెలియాలి కదా.

నాన్న సంగతి కూడా చెప్పాలి. ఆయన ఏనాడూ నన్ను కొట్టలేదు, గట్టిగా అరవలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం కారు స్టార్ట్ అవ్వగానే "ఆ 4-3 దగ్గర డ్రాప్ షాట్ ఎందుకమ్మా" అని మొదలయ్యేది. ఆయనకది ప్రేమ. నాకది కోర్టులో మొదలైన తిట్లకి కొనసాగింపు. అమ్మ మధ్యలో కూర్చుని ఒప్పందం చేయించింది, విజయవాడ నుంచి వస్తుంటే కైకలూరు దాటేదాకా మ్యాచ్ ఊసెత్తకూడదు. మొదటిసారి ఆయన పడిన అవస్థ నాకు బాగా గుర్తు. గుడివాడ దాకా స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నారు, తర్వాత ఇక పట్టలేక రొయ్యల ధరల గురించి మొదలుపెట్టారు, వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) ధర ఎంత పడిపోయింది, ఫలానా ఆసామి చెరువు ఎలా పోయింది, కరెంటు పోతే ఏరేటర్లకి జనరేటర్ పెట్టినా నిలవలేదు, రెండు నెలల మేత డబ్బులు ఎలా వస్తాయో అని. ఆయన వ్యాపారం గురించి అంతసేపు నేను వినడం అదే మొదలు. కైకలూరు దాటిపోయింది, ఆకివీడు కూడా దాటింది, మ్యాచ్ మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆయన కష్టం ఆయన నోట విన్నాక, "నాన్న డబ్బులు తగలెయ్యడానికా" అనే తిట్టు నాలో మెల్లగా పోయింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. బహుశా ఆ డబ్బు గురించి ఆయన తనంతట తను నాతో మాట్లాడటం వల్ల కావచ్చు, లోపల ఊహించుకుని భయపడాల్సిన పని లేకపోయింది.

ఇదంతా చేశాక గెలుస్తూ పోయానా అంటే, లేదు. యూనివర్సిటీల పోటీల్లో ఒక మ్యాచ్‌లో మూడో సెట్ 5-4, నా సర్వీసు, మ్యాచ్ పాయింట్. డబుల్ ఫాల్ట్. చెయ్యి పూర్తిగా తిప్పాను, బంతి బయటపడింది. టీమ్ అంతా ఫెన్సింగ్ అవతల నిలబడి ఉంది, వాళ్ల నిట్టూర్పు నాకు వినిపించింది. వీపు తిప్పాను, వేళ్లు విదిలించాను, "టాస్ ఎడమకి పోయింది" అని చెప్పుకున్నాను, తర్వాతి సర్వ్ మధ్య గీత వైపు వేశాను. ఆ గేమ్ పోయింది, తర్వాత టైబ్రేక్‌లో మ్యాచ్ కూడా పోయింది. కానీ ఆ డబుల్ ఫాల్ట్ తర్వాత ఆడిన ప్రతి పాయింటూ నాకు గుర్తుంది, ఏ షాట్ ఎందుకు ఆడానో చెప్పగలను. విజయవాడలో ఆడిన ఆ మూడో సెట్‌తో పోలిస్తే ఇది ఎంత తేడానో అది అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆ రాత్రి బాగా ఏడ్చాను, అన్నం కూడా తిన్నాను. 1993 వింబుల్డన్ ఫైనల్లో యానా నవోత్నా మూడో సెట్‌లో 4-1తో ముందుండి, 5-1కి ఒక్క పాయింట్ దూరంలో డబుల్ ఫాల్ట్ చేసి, స్టెఫీ గ్రాఫ్ చేతిలో ఓడిపోయింది. 1998లో అదే కోర్టులో కప్పు గెలిచింది. ఆ మధ్య ఐదేళ్లూ ఆమె తనతో తను ఏం మాట్లాడుకుందో వినాలని నాకు చాలా కోరిక.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఒక పదమూడేళ్ల అమ్మాయి ఉంది. ప్రతి అవుట్ బంతికీ నెట్ దాటి వెళ్లి గుర్తు చూస్తుంది. నేను దాన్ని ఆపమని చెప్పలేదు, చెప్తే అదొక తప్పుగా లెక్కేసుకుంటుంది. ప్రాక్టీసులో నేనే ముందు వెళ్లి బూటుతో చెరిపేసి, "తర్వాతి బంతి ఎక్కడ వేస్తావు?" అని అడుగుతున్నాను. కొన్నిసార్లు కోపంగా చూస్తుంది. కొన్నిసార్లు జవాబు చెప్తుంది. వాళ్ల నాన్నగారికి నోట్‌బుక్ ఇచ్చి చుక్కలూ గీతలూ నేర్పాను, ఆయన ఇప్పుడు మ్యాచ్ జరుగుతుంటే అరవడానికి ఖాళీ లేకుండా రాసుకుంటున్నారు.

మీ పిల్లలు ఓడినప్పుడు ఏడిస్తే కంగారు పడొద్దు, అది ఆట. తిండి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, మ్యాచ్ రోజుల్లో కడుపునొప్పి, వాంతులు మామూలైపోయినా, తమని తాము గాయపరచుకునే మాటలు అన్నా మాత్రం కోచ్ మీద వదిలెయ్యకండి, అది మాలాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లొచ్చు. ఊళ్లో ఎవరైనా చూస్తారని మొహమాటమైతే టెలి మానస్ (ఫోన్లో మానసిక సహాయం) నంబరు 14416 కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, ఏ వేళప్పుడైనా పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా నానమ్మలా ఎవరైనా పిచ్చి డాక్టరు అంటే, మా నానమ్మే ఇప్పుడు పక్కింటి వాళ్ల మనవడిని రాజమండ్రి మేడమ్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్తోందని చెప్పండి.